గీత దాకా నడక

నా మోకాళ్ళకంటే మా తోటికోడలు గౌరి మోకాళ్ళే ఎక్కువ పాడయ్యాయని ఊళ్ళో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఇద్దరం నలభై ఏళ్ళు ఒకే ఒడ్డున చేపల తట్టలు మోశాం. ఒకే ఇసకలో నడిచాం. తేడా ఒక్కటే. దాని మొగుడు ఎర్రన్న ఉన్నాడు. వాళ్ళన్న, అంటే మా ఆయన, పదకొండేళ్ళ కిందటే పోయాడు.

ఎర్రన్న దాన్ని బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తెస్తాడు. దిగేటప్పుడు భుజం అందిస్తాడు. చెప్పు జారితే నలుగురిలోనూ వంగి తొడుగుతాడు. మా ఆయన బతికున్న రోజుల్లో నా చెప్పులు ఏ రంగువో ఆయనకి తెలీదు. అయినా ఎర్రన్న అలా వంగినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

గురువారం మా ఆసుపత్రిలో బీపీ, షుగరు చూసే రోజు. ఆ వారం నర్సమ్మ అనూరాధ అరవై దాటిన వాళ్ళందరినీ వరండాలో బెంచీ మీద వరసగా కూర్చోబెట్టింది. ఎవరి పనులు వాళ్ళు చేసుకోగలుగుతున్నారో లేదో అడిగి రాసుకుంటుందట. రాజాం షావుకారు జగన్నాధం గారు వాళ్ళమ్మ పేరు మీద ఒక కుర్చీ పంపారు. లెట్రిన్ మీద వేసుకునేది. రెండు పక్కలా పట్టుకుని లేవడానికి చేతులున్నాయి. ఎవరికి బాగా కష్టంగా ఉంటే వాళ్ళకిస్తారు.

దాన్ని చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. మా ఇంట్లో ఉన్నది గొంతుక్కూర్చునే లెట్రిన్. కూర్చోగలను, లేవడానికే రాదు. తలుపు గొళ్ళెం పట్టుకుని, రెండో చెయ్యి నేలకి నొక్కి, మూడు నాలుగు సార్లు పెనుగులాడితే లేస్తాను. కిందటి నెల ఒకరోజు గంటసేపు అలాగే ఉండిపోయాను. ఎవర్నీ పిలవలేదు. పిలిస్తే గోడ అవతల గౌరికి వినబడుతుంది. అప్పట్నించీ మధ్యాహ్నం దాటాక నీళ్ళు తాగడం మానేశాను.

నర్సమ్మ ముందు నా దగ్గరికే వచ్చింది.

"మామ్మా, స్నానం నువ్వే చేసుకుంటావా?"

"సేసుకోనేటి?"

"లెట్రిన్‌కి ఒక్కదానివే వెళ్ళి రాగలవా?"

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. పక్కన గౌరి చెవి ఇటే పెట్టి కూర్చుంది.

"ఎల్తాను, వస్తాను. నాకేటి రోగం?" అన్నాను.

నా పేరు పక్కన 'సాయం అక్కర్లేదు' అని రాసింది నర్సమ్మ. వంగి చదువుకున్నాను.

"మా అక్కకేటమ్మా, ఉక్కు," అంది గౌరి. తన వంతు వచ్చేసరికి మాత్రం ఏ మొహమాటమూ లేదు. "నాను లేవలేనమ్మా. మా ఆయనే లేపుతాడు. కోక కుచ్చిళ్ళు కూడా ఆయనే సర్దుతాడు."

బెంచీ మీది ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అదీ నవ్వింది. బాధ చెప్పుకుంటున్న మనిషిలా లేదు, నగ చూపిస్తున్న మనిషిలా ఉంది.

"ఇప్పుడు నడక చూస్తాను," అంది నర్సమ్మ. ఆసుపత్రి మామూలు కుర్చీలోంచి లేచి, నేల మీద సుద్దతో గీసిన గీత దాకా వెళ్ళి, తిరిగొచ్చి కూర్చోవాలి. ఎంతసేపు పట్టిందో ఫోనులో చూస్తుంది.

నాకు ఊపిరొచ్చింది. నోటితో చెప్పలేనిది కాళ్ళతో చెప్పొచ్చు. కుంటుతాను, సగంలో గోడ పట్టుకుంటాను, అనుకున్నాను. అందులో అబద్ధం కూడా ఏమీ లేదు. కానీ జనం ఎక్కువయ్యారని నర్సమ్మ ఇద్దరిద్దరిని లేపింది. నాకు జత గౌరి.

పడవ ఒడ్డుకొచ్చాక తట్ట నెత్తికెత్తుకుని ఎవరు ముందు రోడ్డెక్కితే వాళ్ళదే మొదటి బేరం. వయసంతా మేమిద్దరం అలాగే పరుగులు పెట్టాం. "ఊఁ" అంది నర్సమ్మ. గౌరి లేచింది. గీత దగ్గర ఎర్రన్న నిలబడి, "రాయే, మెల్లగా రా," అని చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి చూశాక కుర్చీ సంగతి నాకు గుర్తులేదు. చీర ఎగదోపుకుని నడిచాను. మోకాళ్ళలో గాజు పెంకులు నూరినట్టుంది. గీత తొక్కి, తిరిగి, గౌరి ఇంకా ఎర్రన్న దాకా చేరకముందే వచ్చి కూలబడ్డాను.

"పదకొండు సెకన్లు!" అంది నర్సమ్మ.

"గెలిసీసినాను," అన్నాను గౌరికి వినబడేలా.

"గెలువు, గెలువు," అంది అది రొప్పుతూ. "కుర్చీ నాది."

ఎర్రన్న అప్పుడే వెళ్ళి షావుకారు పంపిన కుర్చీ భుజానికెత్తుకున్నాడు. నర్సమ్మ తరవాతి జతని పిలిచి, నన్ను లేవమంది. లేవబోయాను. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. మళ్ళీ లేవబోయాను. వరండా అంతా నన్నే చూస్తోంది.

"రాసింది కొట్టీ అమ్మా," అన్నాను. "లెట్రిన్‌లో కూకుంటే నాను లేవలేను. గొళ్ళెం పట్టుకుని లెగుస్తన్నాను. ఓరోజు గంటసేపు ఉండిపోనాను. నీళ్ళు తాగడమే మానీసినాను."

"మరి అడిగినప్పుడు చెప్పలేదేం?"

"అది పక్కనుంది గదమ్మా."

ఎవరూ నవ్వలేదు. నర్సమ్మ కాగితం మీద గీత కొట్టి మళ్ళీ రాసింది.

"లేపడానికి నీకెవరున్నారు?"

"ఎవులూ లేరు."

"కుర్చీ ఈ మామ్మకి. నీకు మనిషున్నాడు గౌరమ్మా, ఇంకోటి వస్తే నీకిస్తాను."

"పందెమూ తనదే, కుర్చీ తనదేనా? ఇదేటి నాయం?" గౌరి మొహం మాడిపోయింది.

"ఊరుకోయే. వదినకి ఎవులున్నారు పాపం," అన్నాడు ఎర్రన్న.

ఆ 'పాపం' నాకు మోకాలి కంటే ఎక్కువ నొప్పెట్టింది. కుర్చీ వద్దనేద్దామనుకున్నాను. అనలేదు.

వదిన పక్షం మాట్లాడాడని గౌరి వాడి బండెక్కనంది. కుర్చీతో పాటు నా ఆటోలోనే ఎక్కి ఆ చివర కూర్చుంది. ఊరి మలుపు దగ్గర కుర్చీకేసి తిరిగింది.

"ఏటక్కా, ఆ కుర్చీ నీ వీపు తోముద్దా?" అంది ఉన్నట్టుండి.

ఆటో అబ్బాయి కిసుక్కుమన్నాడు. తోమదు మరి.

కానీ ఆ మాట అన్నాక కూడా గౌరి కళ్ళు కుర్చీ మీదే ఉన్నాయి. ఇన్నేళ్ళలో నా దగ్గరున్న వస్తువుని అది అలా చూడ్డం అదే మొదటిసారి. గతుకులకి మోకాళ్ళు ప్రాణం తీస్తున్నాయి, ఎప్పుడు ఇల్లు చేరతామా అని ఉంది. అయినా కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇంకాస్త మెల్లగా పోనీ నాయనా," అన్నాను.