కొట్టంలో ఉప్పు

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆగయ్య మొహం మాడిపోయింది. రెండో ముద్ద పెట్టుకోలేదు. కంచాన్ని కాలితో ఒక్క తోపు తోశాడు. పప్పు గోడకు తగిలి కిందికి జారింది.

"ఎవడు సచ్చిండని వండినవే ఈ సప్పటి కూడు?"

మాణిక్యమ్మ గోడ వైపు చూసింది గాని మొగుడి వైపు చూడలేదు. "ఎవ్వరు సావొద్దనే వండిన," అంది.

ఆ మాటలో ప్రేమ ఉందని ఎవరైనా అనుకుంటే వాళ్ల ఖర్మ. గౌలీపురాలోని ఆ ఇంటికి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమెకు ఆ మనిషి మీద ప్రేమ పుట్టే సందర్భం ఒక్కటీ రాలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే తిట్టు, తక్కువైతే దెబ్బ, సరిపోతే మౌనం. ఆ మౌనాన్నే మెప్పుగా సర్దుకుని బతికింది. అయినా ఇప్పుడు ఆగయ్య బతికి ఉండాలని ఆమె కోరుకున్నంతగా ఆ గల్లీలో ఇంకెవరూ కోరుకోవడం లేదు. పిల్లల్లేరు. ఆగయ్య కన్ను మూస్తే ఇల్లు, కొట్టం, బర్రెలు అన్నీ ఆయన తోబుట్టువుల చేతికి పోతాయి. పక్కింట్లో ఉండే ఆడబిడ్డ కొమురమ్మ ఆ సంగతి దాచుకోలేదు కూడా. "మా తమ్ముడు ఉన్నన్నాళ్లే నువ్వు ఈ ఇంట్ల. తెల్లారి మీ అవ్వగారింటి తొవ్వ పట్టుడే," అని నలుగురిలోనే అనేసింది.

ఆగయ్య పడిపోయింది వానాకాలం మొదట్లో. పాలు పిండుకొని వస్తూ వాకిట్లో కూలబడ్డాడు. మూతి ఓ పక్కకు లాగింది, మాట ముద్దగా వచ్చింది. సాయంత్రానికి మాట తిరిగి వచ్చింది గాని శాలిబండ డాక్టరు ఊరుకోలేదు. దండచేతికి పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కి, గాజు గొట్టంలో పాదరసం ఎంత పైకి పోయిందో చూసి నోరు చప్పరించాడు.

"నెత్తురు మస్తు జోరుగ కొడుతుంది. దీనికి నా తాన గోలీ లేదు, తిండే దవా. ఉప్పు బంద్. తొక్కులు, అప్పడాలు బంద్. కల్లు బంద్. పొద్దుగాల, మాపటికి నడవాలె. గుస్సా తగ్గాలె. ఇంకోసారి పడితే లేస్తడని నేను జిమ్మేదారి తీసుకోను."

ఆ మాట మాణిక్యమ్మ గుండెలో దిగబడింది. ఆ రోజే ఉప్పు జాడీని పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి కొంగున కట్టుకున్నప్పుడు, నిజం చెప్పాలంటే, ఆమెకు మహా సంతోషం కలిగింది. ఇన్నేళ్లు ఉప్పు పేరుతో తన్నులు తిన్నది తను. ఇక చప్పిడి కూడు తినాల్సింది ఆయన.

ఆగయ్య అరిచాడు, కంచాలు విసిరాడు, ఆకలికి ఆగలేక మళ్లీ తిన్నాడు. కొమురమ్మ వాకిట్లో నిలబడి శోకాలు పెట్టింది. "బతికున్నోనికి పిండాకూడు పెడుతుంది సూడుండ్రి," అని పాలకు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. మాణిక్యమ్మ చెవిటిదానిలా తన పని తాను చేసుకుంది.

తీరా దీపావళి దగ్గర పడ్డాక డాక్టరు మళ్లీ పట్టీ చుట్టాడు. పాదరసం ఇంకా పైకి పోయింది. ఆయన మాణిక్యమ్మ మీద విరుచుకుపడ్డాడు. "నమక్ వేస్తున్నవు నువ్వు. నాకు అబద్ధం చెప్పకు. మనిషిని చంపుతవా?"

ఆమె మొగుడి వైపు చూసింది. నోరు విప్పి ఒక్క మాట, ఈమె ఉప్పు వేయడం లేదు అన్న ఒక్క మాట అంటాడనుకుంది. ఆగయ్య అంగీ చెయ్యి కిందికి లాక్కుంటూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చేసరికి, డాక్టరు మాట తెలిసి కొమురమ్మ పాట మార్చింది. మొన్నటిదాకా చప్పిడి పెట్టి చంపుతున్నదన్న నోరే, ఇప్పుడు ఉప్పు పెట్టి చంపుతున్నదని గల్లీ అంతా వినిపించేలా తిట్టింది. మాణిక్యమ్మకు ఒళ్లు మండిపోయింది. మర్నాటి నుంచి ఆయన వెంట నీడలా తిరిగింది. ఉస్మాన్‌గంజ్ మిఠాయి దుకాణానికి పాలు పోయడానికి పోతే వెనకే పోయింది. కల్లు దుకాణం వైపు ఆయన కాలు తిరిగితే ఎదురొచ్చి నిలబడింది. ఆయన నోట్లోకి పోయేదంతా చూసింది. ఉప్పు ఎక్కడా కనబడలేదు.

ఆమె అడుగుపెట్టని చోటు ఒకటే ఉంది. పిండే వేళ కొట్టం. పాలమ్ముకునే ఇళ్లల్లో అదొక కట్టడి. బర్రె ఒక్క చేతికి అలవాటు పడుతుంది. పిండేటప్పుడు ఇంకో మనిషి పొడ కనబడితే చేపదు, పాలు పొదుగులోకి దించకుండా పైకి ఎగబట్టుకుంటుంది. అందుకని ఆ వేళకు తలుపు వేసుకుని లోపల ఉండేది ఆగయ్య ఒక్కడే.

తెల్లవారుతుండగా మాణిక్యమ్మ ఆ తలుపు తోసింది.

ఆగయ్య పెద్ద బర్రె ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. బర్రెలకు తవుడులో కలిపే కళ్లుప్పు కుండ ఒళ్లో ఉంది. అరచేతిలో ఉప్పు పోసుకుని సగం బర్రెకు నాకించి, మిగతా సగంలో ఉల్లిగడ్డ అద్దుకుని కరకరా నములుతున్నాడు. ఆమెను చూసి బర్రె వెనక్కి జరిగింది. ఆగయ్య లేచాడు.

"పిండంగ ఎందుకొచ్చినవే? పాలెగబట్టింది సూడు."

"ఎగబట్టనియ్," అంటూ మాణిక్యమ్మ కుండ లాక్కుంది. ఆయన కర్ర ఎత్తాడు. "కొట్టు. ఆ జోరుకే నెత్తురు పొంగి నా కాళ్లకాడనే పడతవ్. డాక్టరు చెప్పింది యాదిలేదా?"

కర్ర దిగింది. కర్రను దింపింది భయమే. అది ఆమెకు కనబడింది. కుండ తెచ్చి వాకిట్లో కొమురమ్మ ముందు పెట్టింది. "సూడు వదినె. బర్రెల నోటికాడిది తింటుండు నీ తమ్ముడు. ఇయ్యాలటి సంది ఈ కుండ నా తాన్నే ఉంటది. కుండ ఎవరి తాన ఉంటె వాళ్లే పిండాలె."

కొమురమ్మ కుండలోకి వంగి చూసి తన ఇంటి దారి పట్టింది. ఆగయ్య మాత్రం అరుగు మీద కూర్చుని పగలబడి నవ్వాడు. "నీ చేతికి చేపితే నా మీసం తీస్త."

మొదట్లో ఆయన నవ్వే గెలిచింది. బర్రెలు తన్నాయి, చెంబులు దొర్లించాయి, మిఠాయి దుకాణం వాడు వేరే ఇల్లు చూసుకుంటానన్నాడు. మాణిక్యమ్మ ఏడ్చింది గాని మానలేదు. ఆగయ్య గొంగడి తన మీద కప్పుకుని ఆ వాసనతోనే బర్రెల దగ్గరికి పోయింది. దూడను విడిచి, మెల్లగా పొదుగు తడిమి, ఉప్పు నాకించి, మాట్లాడింది. చలి ముదిరేసరికి గొంగడి అక్కర్లేకపోయింది. ఆమె అడుగుల చప్పుడు వినగానే పెద్ద బర్రెకు చేపు వచ్చేది. పని పోయిన ఆగయ్యకు పాలడబ్బా చేతికిచ్చి రోజూ ఉస్మాన్‌గంజ్‌కు నడిపించింది. తిట్టుకుంటూనే పోయాడు, తిట్టుకుంటూనే వచ్చాడు. డాక్టరు గొట్టంలో పాదరసం కిందికి దిగింది. డాక్టరు మాణిక్యమ్మను మెచ్చుకుంటే ఆమె ముక్కు విరిచింది.

ఒకరోజు ఆమెకు జ్వరం వచ్చింది. లేవలేదు. ఆగయ్య మహా ఉషారుగా చెంబు పట్టుకుని కొట్టంలోకి పోయాడు. చాలాసేపు పేరు పెట్టి పిలిచాడు, బతిమాలాడు, కొట్టాడు. పెద్ద బర్రె ఆయన వైపు తల కూడా తిప్పలేదు. ఖాళీ చెంబుతో బయటికి వచ్చాడు. వాకిట్లో పాలకు వచ్చినవాళ్లు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. కొమురమ్మ తాను చూస్తానని లోపలికి పోయి, తన్ను తిని, కుంటుకుంటూ వచ్చింది.

"దానికి నీ పెండ్లామే కావాల్నట," అంది మోకాలు రుద్దుకుంటూ. "రేపు నువ్వు పోయినా ఈమెను ఎల్లగొట్టేటట్టు లేదు తమ్మీ. ఎల్లగొడితే ఎండిన పొదుగులు పెట్టుకొని మేమేం చేస్తం?"

ఆ మాట ఆమె విసుగుతో అన్నది. ఆగయ్యకు మాత్రం ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. జ్వరంలో పడుకున్న మాణిక్యమ్మకూ తగిలింది. అంతవరకు ఆమె ఆలోచించనే లేదు. ఇన్ని నెలలు ఈయన ప్రాణానికి కావలి కాసింది తన నెత్తి మీది చూరు కోసం. ఇప్పుడు ఆ చూరుకు ఈయనతో పని లేదు. జ్వరం ఉన్నా ఆమెకు ఒళ్లు తేలికైంది.

జ్వరం తగ్గిన మధ్యాహ్నం ఆమె కంచం పెట్టింది. ఆగయ్య ముద్ద కలిపాడు గాని నోటి దాకా తేలేదు.

"ఇందుల ఉప్పేసినవా?" అని అడిగాడు. ఆ గొంతులో పాత అరుపు లేదు.

"ఏస్తె ఏంది, ఏయకుంటె ఏంది? తినేటోనివి నువ్వు," అంది మాణిక్యమ్మ.

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తనకు కావలసిన జవాబు అక్కడ దొరకలేదు. ముద్దను నాలుక మీద పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, మెల్లగా వెతికాడు. చప్పగా ఉందని తేలాకే మింగాడు.