వీలుకాదట

ఏడుగురి బట్టలు మూడు పెట్టెల్లో సర్దుతున్నాను. అందులో మా అత్తగారి పెట్టె సంగతి వేరే చెప్పాలి. ఆవిడ దిండు, ఆ దిండు జారకుండా ఇంకో దిండు, మోకాళ్ళకు రాసుకునే నూనె, చలేస్తే శాలువా, చలి వెయ్యకపోతే విసనకర్ర. ఒక్క మావగారు తప్ప ఇల్లంతా అందులో పట్టేసింది. ఆయన కూడా ఎందుకైనా మంచిదని హాల్లో కాళ్ళు ముడుచుకునే కూర్చున్నారు.

శనివారం ప్రయాణం. ఆడపడుచు, ఆవిడ భర్త, వాళ్ళ పాప కూడా వస్తున్నారు, వాళ్ళ బట్టలూ నా చేతికే వచ్చాయి. సముద్రం ఒడ్డున ఎనిమిది రోజులకి ఇల్లు అద్దెకు తీసుకున్నారు. "వంటగది ఎంత పెద్దదో చూడు, నువ్వు ఇక వదల్లేవు" అని మావారు ఫోన్లో ఫోటో చూపించారు. సముద్రం ఫోటో చూపించలేదు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో నాకు సెలవులంటే గిన్నెలు మారడమే.

ఈసారి మాత్రం సర్దుతున్న చెయ్యి ఒకచోట, మనసు ఒకచోట. ఒక చొక్కా మడతపెట్టి వంటింట్లోకి వెళ్తాను, ఎందుకెళ్ళానో తెలియక తిరిగొస్తాను, మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెడతాను. అసలు సోమవారం నాకు నాలుగో డోసు పడాలి. రొమ్ములో గడ్డ తీసేశాక ఆరు డోసుల మందు ఎక్కించాలన్నారు, మూడయ్యాయి. మొదటిదానికే జుట్టు పోయింది. ఎంత రాలిందంటే, ఊడ్చిన చీపురుకి నాకన్నా ఒత్తుగా జడ వచ్చింది. ఆ మాట అని నేనే నవ్వాను. ఆడపడుచు నవ్వలేదు. "ఫోటోలప్పుడు స్కార్ఫు కట్టుకో వదినా, పాప జడుసుకుంటుంది" అంది.

నాలుగు రోజుల కిందట మావారు బూట్లు విప్పుకుంటూ అన్నారు: "నీ డోసు పదిరోజులు ఆపుతారట. రక్తం ఇంకాస్త పుంజుకోవాలట. డాక్టరుగారే అన్నారట."

అప్పటినుంచి నా లోపల ఎవరో చెప్పులేసుకుని అటూ ఇటూ పచార్లు చేస్తున్నారు. రక్తం ఎందుకు పుంజుకోలేదు? జబ్బు ఇంకోచోటికి పాకిందా? ఆ సంగతి నాకు చెప్పడం లేదా? ఆఫీసులో ఒకే ఉత్తరాన్ని రెండుసార్లు టైపు చేసి ఇద్దరికి పంపాను. "ఈమధ్య మీ ధ్యాస ఇక్కడ ఉండటం లేదమ్మా" అన్నాడు మా పై అధికారి. నిజమే. నా ధ్యాస నా రక్తంలో ఈత కొడుతోంది.

అత్తగారి రెండో దిండుని మోకాలితో నొక్కుతుండగా నా ఫోను మోగింది. ఆస్పత్రి నర్సు.

"మీవారు ఫోనెత్తట్లేదమ్మా, అందుకని మీకు చేశా. సోమవారం మీకు వీలుకాదటగా? ఆ పూట మంచం ఇంకొకరికి ఇచ్చేయమంటారా?"

"నాకు వీలుకాదని ఎవరన్నారు?"

"మీరే అన్నారట. ఊరెళ్ళాలట."

"నా రక్తం బాగాలేదు కదా?"

"అయ్యో, రిపోర్టు బ్రహ్మాండంగా ఉందమ్మా! ఆపడం డాక్టరుగారికి బొత్తిగా ఇష్టం లేదు. మీరే పట్టుబట్టారటగా!"

ఎంత చిన్న అక్షరం, ఈ "ట". పందొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో నా మాటలన్నీ దాని వెనకాలే నడిచాయి. మా ఆవిడకి ప్రమోషను వద్దట. పుట్టింటికెళ్ళడం అంత ఇష్టముండదట. అందరూ తిన్నాక మిగిలింది తింటేనే ఆవిడకి తృప్తట. ఒక్కటీ నా నోట్లోంచి రాలేదు, అన్నీ నేనన్నవే. డాక్టరు కూడా పాపం నాలాగే అయిపోయాడు, అనని మాట అన్నవాడయ్యాడు.

"అమ్మా, లైన్లో ఉన్నారా?"

"ఉన్నాను. సోమవారం ఎన్నింటికి రావాలి?"

"తొమ్మిదికి. తోడు ఎవరైనా ఉండాలమ్మా."

"మా ఆఫీసులో పక్క సీటావిడ వస్తుంది." ఆవిణ్ణి నేను ఇంకా అడగనే లేదు. "ఇంకో మాట. ఆ కాగితంలో మావారి నంబరు కొట్టేసి, ఇది రాసుకోండి."

ఫోను పెట్టేసరికి మావారు గుమ్మంలో ఉన్నారు. విన్నారని మొహమే చెబుతోంది.

"నీ మంచికే కదా," అన్నారు. "గాలి మార్పు. పదిరోజుల్లో కొంపలేం మునుగుతాయి?"

"నాలుగు రోజులుగా నేను చచ్చిపోతానేమో అనుకుంటున్నానండీ."

ఆయన వెనకాలే వచ్చిన అత్తగారు అందుకున్నారు. "వాడేదో అందరం కలిసి ఉందామని చేశాడమ్మాయ్. నువ్వు రాకపోతే అక్కడ మా నోట్లో ముద్ద పెట్టేదెవరు?"

"వంటగది చాలా పెద్దదట అత్తయ్యా. అందరూ పడతారు."

హాల్లోంచి మావగారి దగ్గు వినిపించింది. నవ్వో, దగ్గో.

పెట్టెలోంచి నా బట్టలు తీశాను. ఏడుగురి సామాన్లో నావి రెండు జతలూ, ఒక తువ్వాలూ.

"అంటే నువ్వు సముద్రం చూడవన్నమాట," అన్నారు మావారు, నన్ను బుజ్జగిస్తున్నట్టు.

"చూస్తాను. డోసు పడ్డాక మూడో వారానికి ఒంట్లోకి సత్తువొస్తుంది. డాక్టరుగారిని నేనే అడిగి, అప్పుడు వెళ్తాను. ఒక్కదాన్నే."

"ఒక్కదానివా!" ఆయనకి కోపం రాలేదు, నిజంగానే అర్థం కాలేదు. "ఒక్కదానివీ అక్కడికెళ్ళి ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను."