మిల్లులో పోయిన కాలు

బర్మాలో, అహ్లోన్ పేటలో పాత బియ్యం మిల్లుల వెనక సందులో, సత్యారావు ఇంటి గడప ముందు, చిన్నతల్లి రోజూ పొద్దున్నే మొగుడి చెప్పులు రెండూ తుడిచి పెట్టేది. ఎడమదానికన్నా కుడి చెప్పే ముందు అరిగేది. సత్యారావుకి మోకాలికి నాలుగు వేళ్ళ కింద నుంచి కుడికాలు లేదు. అయినా లేచి, ఒళ్ళు విరుచుకుని, చెప్పులు రెండూ తొడుక్కుని, రెండు కాళ్ళ మీదా నడిచి పనికి పోయేవాడు. లుంగీ అంచుకీ కుడి చెప్పుకీ మధ్య గాలి తప్ప ఏమీ ఉండేది కాదు. చెప్పు మాత్రం లెక్కగా లేచేది, పడేది. వానాకాలం అరుగు మీద రెండు కాళ్ళ తడి అడుగులూ పడేవి. చిన్నతల్లి రెండూ తుడిచేది.

ఆ కాలు మూర్తిగారి మిల్లులో, బెల్టు కింద పడి పోయింది. అప్పటికి కూతురు మల్లికకి నాలుగేళ్ళు. ఆసుపత్రిలో పధ్నాలుగో రోజున సత్యారావు దొడ్డికి పోవాలని మంచం దిగి, అలవాటుగా నడుచుకుంటూ వరండాలోకి వచ్చేశాడు. ఎదురొచ్చిన నర్సు, చెప్పుల్లేకుండా తిరగొద్దు, నేలంతా సూదులున్నాయని బర్మా భాషలో కసిరి తన దారిన తను పోయింది. ఆ సాయంత్రం మూర్తిగారి తండ్రి పెద్దబాబు చూడ్డానికి వచ్చి, వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిపించి చూశాడు. కాలు మనం తీసుకున్నాం కాబట్టి పని కూడా కాలికే ఇద్దామని, బండి తోలే ఉద్యోగం ఇచ్చాడు. ధర్మాత్ముడని సందులో అందరూ అనుకున్నారు.

లేని కాలుతో సత్యారావు బండి తోలుతుంటే డాష్‌బోర్డు మీద పెట్టిన టీ గ్లాసు తొణికేది కాదు. పెద్దబాబు పోయాక మూర్తిగారి దగ్గరా అదే పని. ట్వంటే అనే ఊరి అవతల మూర్తిగారికి పొలాలు, ఇంకో మిల్లు ఉన్నాయి. ఆ బురద దారుల కోసం జపాను నుంచి వచ్చిన పాత జిమ్నీ ఒకటి కొన్నాడు. చిన్న జీపు, గేర్లు వాటంతటవే పడతాయి. మూర్తిగారికి కుడి మోకాలు అరిగిపోయి, పెడల్ మీద నొక్కితే ప్రాణం పోయినంత పని అయ్యేది. అందుకని స్టీరింగు సత్యారావుదే.

మల్లిక పెద్దదై లైంగ్‌థార్యార్ పేటలో ఒక బట్టల ఫేక్టరీలో రెండేళ్ళు కుట్టింది. ఫేక్టరీ మూసేశాక కో జో అనే బర్మా మేస్త్రీ షెడ్డులో కార్ల కరెంటు పని నేర్చుకుంది. దారం బదులు తీగ, అంతే తేడా అనేది. ఇప్పుడామెకి ఇరవయ్యెనిమిది. అహ్లోన్‌లో ఎవరి కారులో దీపం వెలక్కపోయినా బర్మావాళ్ళు మర్యాదకి అనేట్టు 'మ మల్లిక'ని పిలవమనేవారు.

ఒకరోజు మూర్తిగారు కబురంపాడు. మల్లిక వెళ్ళేసరికి బల్ల మీద ఒక అట్టపెట్టె ఉంది.

"క్రూజ్ కంట్రోలంట. అల్లుడు బేంకాక్ నుంచి పంపించాడు. బిగించడం వచ్చా నీకు?"

పెట్టెలోని కాగితం అంతా థాయ్ భాషలో ఉంది. బొమ్మలు చాలు. ఒక నల్లటి చిన్న పెట్టె, తీగల గుత్తి, స్టీరింగు పక్కన పెట్టే మీట. ఒకసారి వేగం ఇంత అని మీట నొక్కితే, ఆ తరవాత పెడల్ మీద కాలు పెట్టక్కర్లేదు, పెట్టే చూసుకుంటుంది.

"వస్తాది బాబు. కానీ ఏటికిది? నాన్న ఉన్నాడు కదా."

"ట్వంటే దాటితే రోడ్డు తిన్నగా ఉంటాది. గంటసేపు కాలు నొక్కి పెట్టుకోవడం ఎందుకు? మీ నాన్నకీ సుఖమే."

ఇంటికొచ్చి చెబితే సత్యారావు పొంగిపోయాడు. "నువ్వే బిగించు. బయటోడికిస్తే తీగలు తెంపీగల్డు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న మూర్తిగారి పెరట్లో రేకుల షెడ్డు కింద పని మొదలైంది. మల్లిక బేటరీ తీగ విప్పి, వెల్లకిలా పడుకుని స్టీరింగు కిందకి తల దూర్చింది. యాక్సిలరేటర్ పెడల్ దగ్గరున్న ప్లగ్గు ఊడదీసి, మధ్యలో కొత్త తీగల గుత్తి కలిపింది. బండి ఎంత వేగంతో పోతోందో పెట్టెకి చెప్పడానికి ఒక తీగ, బ్రేకు దీపం స్విచ్చికి ఒక సన్నటి తీగ లాగింది. తండ్రి పక్కనే గొంతుక్కూర్చుని అన్నీ అడుగుతున్నాడు.

"ఆ సన్నదేటి?"

"బ్రేకు మీద కాలు పడగానే పెట్టెకి తెలవాలి నాన్నా. తెలిసి, పట్టు వదిలీయాలి. ఇది లేకపోతే మనం బ్రేకు తొక్కుతుంటే అది ముందుకే లాగుతాది."

"అయితే అదే ముఖ్యం. గట్టిగా కట్టు."

గట్టిగానే కట్టింది. టేపు మూడు చుట్లు చుట్టింది. చివరికి పెట్టెకి పెడల్ నేర్పాలి. బేటరీ తీగ మళ్ళీ తగిలించి, తాళం తిప్పి, పెడల్‌ని నెమ్మదిగా నేలదాకా తొక్కి, అంతే నెమ్మదిగా వదలాలి. పెట్టె మీద ఎర్రదీపం పచ్చగా మారితే నేర్చుకున్నట్టు. మల్లిక చేత్తో నొక్కింది. ఎర్రదీపమే. మూర్తిగారు కూర్చుని తొక్కబోయి, సగంలో మోకాలు పట్టేసి మూలిగాడు. ఎర్రదీపమే.

"నాన్నా, నువ్వు తొక్కు."

సత్యారావు చెప్పులు విప్పి ఎక్కి కూర్చున్నాడు. పెడల్ తనంతట తాను దిగుతున్నట్టు మెల్లగా దిగింది, మెల్లగా లేచింది. పచ్చదీపం వెలిగింది.

"అరికాలు జిల్లుమంది" అన్నాడు సత్యారావు.

చూద్దామని ముగ్గురూ బయల్దేరారు. మల్లిక వెనక కూర్చుంది. లైంగ్‌థార్యార్‌లో పనివాళ్ళతో కిక్కిరిసిన పికప్పుల్ని తప్పించుకుని, ట్వంటే రోడ్డు ఎక్కాక మూర్తిగారు మీట నొక్కమన్నాడు. సత్యారావు అరవై దగ్గర నొక్కాడు.

"కాలు తీసీ."

"తీసీనాను బాబు."

ముల్లు అరవై దగ్గర నిలబడిపోయింది. వరిచేలు వెనక్కి పోతున్నాయి. ఏళ్ళ తరబడి వడ్డించిన ఇంట్లో తననే విస్తరి ముందు కూర్చోబెట్టినట్టు, సత్యారావు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్టీరింగుని ఊరికే నిమురుతున్నాడు. కొంతదూరం పోయాక మూర్తిగారు బండి ఆపించాడు.

"దిగు. నేను తోలి చూస్తాను."

సత్యారావు తలుపు తీసి ఎడమకాలు కింద పెట్టాడు. కుడికాలు పెట్టబోయి రోడ్డు మీద బోర్లా పడ్డాడు. కుడికాలు దిగలేదు. మల్లిక పరుగున వెళ్ళి లేవదీస్తుంటే, తలుపుకి గీత పడిందేమో చూడమన్నాడు మూర్తిగారు. ఆమె తండ్రిని వెనక సీటులో కూర్చోబెట్టింది. తిరుగుదారిలో మూర్తిగారు మీట నొక్కి, నొప్పి మోకాలిని సీటు మీదకి ముడుచుకుని హాయిగా తోలాడు. లైంగ్‌థార్యార్ ఇంకా రాకముందే, వెనక్కి తిరక్కుండా అన్నాడు.

"సత్యారావూ, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"అలాగే బాబు" అన్నాడు సత్యారావు.

సందులో జనం కాలు ఎక్కడ వదిలేశావని అడిగారు, గొడుగు గురించి అడిగినట్టు. బండిలో ఉండిపోయిందని చెప్పేవాడు. చిన్నతల్లి రెండుసార్లు కుడి చెప్పు పట్టుకుని మూర్తిగారి గేటు దాకా వెళ్ళి నిలబడి వచ్చింది. కాలు రాలేదు. సత్యారావు వెదురు కర్ర చంకలో పెట్టుకుని నడవబోయి పడ్డాడు, మళ్ళీ పడ్డాడు. చంకలో పుండు పడింది. పనికోసం తెలిసిన లారీ యజమానులిద్దరిని అడిగితే, కాలు తెచ్చుకుని రమ్మన్నారు. నెల తిరిగేసరికి గోడకి చేరగిలబడి కూర్చోవడమే పని అయింది. దొడ్డికి పోవాలంటే పెళ్ళాం భుజం కావాలి. అందుకని మంచినీళ్ళు తాగడం తగ్గించేశాడు.

అప్పుడు మీట వదులయిందని మూర్తిగారు మళ్ళీ మల్లికని పిలిచాడు. ఆమె స్టీరింగు కిందకి వంగి చూసింది. రబ్బరు చాప మీద దుమ్ములో ఐదు వేళ్ళ అచ్చు స్పష్టంగా ఉంది. మూర్తిగారు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని కబుర్లు చెబుతున్నాడు.

"మొన్న కునుకు పట్టేసింది. మోటారుసైకిలోడు అడ్డం వచ్చాడు. నేను కళ్ళు తెరిచేలోపల బ్రేకు పడిపోయింది. మంచి కాలు."

మల్లిక బయటికొచ్చి నిలబడింది. "బాబు, నాన్న లేవలేకపోతన్నాడు. కాలు ఇప్పించండి. మీరు పొమ్మంటే పోతాది."

"నేనెందుకు పొమ్మంటాను? అది నా మిల్లులో పోయిన కాలు. మా నాన్న దయతలచి ఇన్నాళ్ళూ మీ వాణ్ణి వాడుకోనిచ్చాడు." మూర్తిగారికి కోపం లేదు. ఫేను కాస్త తగ్గించమన్నట్టు చెప్పాడు. "ఆ మీట చూడు, వేగిరం."

ఆమె మళ్ళీ కిందకి దూరింది. చెయ్యి చాపితే వేడిగా, చెమటతో ఉన్న పాదం తగిలింది. "వచ్చీ. నాన్న పడిపోతన్నాడు" అని గొణిగింది. పాదం ఆమె పనికి అడ్డు లేకుండా మర్యాదగా పక్కకి జరిగింది. అంతకు మించి కదల్లేదు. మల్లిక మీట మరలు బిగించింది. తరవాత, తను మూడు చుట్లు చుట్టిన టేపుని గోటితో విప్పి, ఆ సన్నటి తీగని ఊడలాగింది. ఆ మోకాలితో మూర్తిగారు ఎంత గట్టిగా తొక్కగలడో ఆమెకి తెలుసు. ట్వంటే రోడ్డు పక్కన కాలవ ఎంత లోతో కూడా తెలుసు.

"అయిపోయింది బాబు."

ఇంటికి రాగానే సత్యారావు అడిగాడు. "కనబడిందా? ఎలాగుంది?"

"బాగుంది."

"దానికి చలి పడదు. ఏసీ పెట్టుకుంటాడో ఏటో. నన్ను అడిగిందా?"

జీపులో ఉన్నది మూర్తిగారొక్కడే కాదన్న సంగతి మల్లికకి అప్పుడు తట్టింది. పొద్దున్నే వెళ్ళి, మీట ఇంకోసారి చూడాలని చెప్పి తీగ కలిపేద్దామనుకుంది. తెల్లారి ఆమె గేటు దగ్గరికి వెళ్ళేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. బాబు ట్వంటే వెళ్ళారని వాచ్‌మేన్ చెప్పాడు. ఫోను చేసింది, ఎత్తలేదు. పనిలోకి పోకుండా ఇంటికొచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం సత్యారావు గోంగూర పులుసులో అన్నం కలుపుతూ ఉన్నట్టుండి కంచం పక్కకి తోసేశాడు. వీపు గోడకి ఆనించి, రెండు అరచేతులూ నేలకి ఆన్చాడు. కుడి తొడ మీద నరాలు తాళ్ళలా లేచాయి.

"ఏటయింది?" అని చిన్నతల్లి భుజం పట్టుకుంది.

"తొక్కుతన్నాను. ఆగట్లేదు."

గోడ సున్నం వీపుకి రాసుకుని రాలుతోంది. పళ్ళు బిగించుకుని, కళ్ళు మూసుకుని, మొహమంతా చెమటతో తొక్కుతూనే ఉన్నాడు. మల్లిక ఆ తొడని రెండు చేతులా పట్టుకుంది. అది రాయిలా ఉంది. వదిలెయ్యి నాన్నా అంది. అతను వినలేదు. ఎంతసేపో ఆమెకి తెలియదు. ఒక్క కుదుపు కుదిపింది. తొడ ఆమె చేతుల్లో మెత్తబడిపోయింది.

"ఆగింది" అన్నాడు. కాసేపటికి, "పోయింది" అన్నాడు.

"బాబుగారో?" అంది చిన్నతల్లి.

"ఆయనకేటవుతాది? బాగానే ఉంటాడు."

సాయంత్రానికి తెలిసింది. కాలవ పక్క మలుపులో జిమ్నీ కల్వర్టు గోడని గుద్ది, నీళ్ళకి జానెడు ఇవతల నిలబడిపోయింది. ముందుభాగం కుడివైపు నలిగి సీటు దాకా లోపలికి వచ్చేసింది. మూర్తిగారు రెండు కాళ్ళూ సీటు మీద బాసెంపట్టు వేసుకుని కూర్చున్నాడట. నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి, అంతే. బండిని కో జో షెడ్డుకి లాక్కొచ్చారు. మల్లిక నలిగిన రేకుల మధ్య చెయ్యి పెట్టి చాలాసేపు వెతికింది. ఏమీ తగల్లేదు. పెడళ్ళ మీద చెమట తడి ఉంది.

ఆ రోజు నుంచి సత్యారావుకి మోకాలి కింద నొప్పి లేదు, దురద లేదు, జిల్లు లేదు. చిన్నతల్లి నీళ్ళ కోసం పోయినప్పుడు ఒకసారి కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"ఆ పెట్టె నాతో పెనుగులాడిందమ్మా. బ్రేకు తొక్కితే వదిలీయాలి కదా. నువ్వే చెప్పావు."

మల్లిక తల వంచుకుంది. ఎదురు ఇంట్లో ఎవరో రేడియో కట్టేశారు. సత్యారావు ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని, టేపు విప్పిన ఆ గోటిని చూసి, వదిలేశాడు.

పదిరోజుల తరవాత మూర్తిగారు పళ్ళబుట్ట పట్టుకుని స్వయంగా ఇంటికి వచ్చాడు. సందులో వాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, మల్లిక పనితనాన్ని మెచ్చుకున్నాడు. మీట వేసుకుని కాళ్ళు పైకి పెట్టుకున్నాను కనకే బతికానన్నాడు. ఇంకో జిమ్నీ కొన్నాననీ, కొత్త పెట్టె కూడా తెప్పించాననీ చెప్పాడు.

"దానికీ నేర్పాలి కదా. నా వల్ల కాదు." మూర్తిగారు, సత్యారావు చాపుకున్న ఎడమకాలి వంక చూశాడు. "అది ఉంది కదా."

చిన్నతల్లి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. మల్లిక నోరు తెరిచింది. ఆమెకన్నా ముందు తండ్రి మాట్లాడాడు.

"ఎప్పుడు రమ్మంటారు బాబు?"

"బుధవారం."

"అలాగే. మా అమ్మాయే బిగిస్తాది" అన్నాడు సత్యారావు, కూతురి వైపు చూడకుండా. "ఈసారి నేను పక్కనే కూచుని, ప్రతి తీగా చూసుకుంటాను."