పొట్ట మీద పేగు

రెండువేల ఆరు వేసవిలో ఒక ఆదివారం, చర్చి ఆరాధనలో ఫెబా లేచి సాక్ష్యం చెప్పింది. పెద్దపేగు నిండా పుండ్లతో రోజుకి పదిహేనుసార్లు నెత్తురు విరేచనాలయ్యే తన పెనిమిటి ఇమ్మాన్యుయేల్‌కి, మూడు రోజుల ఉపవాస ప్రార్థనతో నిన్నటి నుంచి ఒక్కటి కూడా కాలేదని. కడుపు కూడా నిండుగా కనబడుతోందని. సంఘమంతా స్తోత్రం అంది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా వేసే మనిషి ఆర్నెల్లలో పుల్లలా అయిపోయాడు మరి, ఆ మాత్రం సంబరం తప్పా?

షైనీ ఒక్కతే అనలేదు. ఆవిడ ఆపరేషన్ థియేటర్లో నర్సు. ఆరాధన అవకుండానే ఫెబాని చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. ఇమ్మాన్యుయేల్ పొట్ట డప్పులా బిగిసి ఉంది, ఒళ్లు కాలిపోతోంది. ఆయన మాత్రం నొప్పి అంతగా లేదంటున్నాడు. ఈ జబ్బుకి మింగే మాత్రలు నొప్పిని కప్పేస్తాయని, విరేచనం ఆగింది జబ్బు తగ్గి కాదని, పేగు చచ్చుబడి ఉబ్బిపోయిందని, పగిలితే దక్కడని షైనీ ఆటోలోనే చెప్పేసింది.

ఎక్స్‌రే చూసిన సర్జన్ పెద్దపేగు మొత్తం తీసెయ్యాలన్నాడు. చిన్నపేగు ఉంటే చాలు, దాని కొసని పొట్ట మీదికి తీసి మలానికి సంచి అతికిస్తే మనిషి బతుకుతాడన్నాడు. సంతకం పెట్టమని కాయితం ఫెబా చేతికిచ్చారు. దేవుడు బాగు చేశాడని గంట క్రితం అందరి ముందూ చెప్పి, ఇప్పుడు కోతకి ఒప్పుకోవడమెలా?

"సంతకం పెడితే నా నమ్మకం పోయినట్టా, అక్కా?"

"నువ్వు లేసి సెప్పబట్టే కదే నేను విన్నాను. పెట్టు," అంది షైనీ.

పెట్టింది. సాయంత్రానికి ఆయన ప్రాణంతో బయటికొచ్చాడు.

నాలుగోనాడు పొట్టకి అతికించిన సంచి మార్చడం నేర్పుతానని షైనీ దాన్ని విప్పింది. ఫెబా కళ్లు మూసుకుందామనుకుంది గాని, మూసుకోలేకపోయింది. కుడిపక్క రూపాయి బిళ్లంత చిన్నపేగు కొస, ఎర్రగా, తడిగా. మనిషి కదలకుండా పడుకునుంటే అది తనంతట తాను ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. ఆయన పుట్టినప్పటి నుంచీ లోపల చీకట్లో ఇలాగే చాకిరీ చేస్తోందన్న మాట. ఫెబాకి ఒళ్లు జలదరించింది. భయంతో కాదు.

తడి గుడ్డతో మెల్లిగా తుడిచింది. వేలికి వెచ్చగా తగిలింది.

"నొప్పా?"

"నాకేటీ తెలట్లేదు," అన్నాడు ఇమ్మాన్యుయేల్.

"నాకు తెలత్తంది," అంది ఫెబా, వేలు తియ్యకుండా.