ప్రెసిడెంటుగారి టీము చొక్కాలు

టీము చొక్కాలకి పట్టిన ఇసుక ఒక ఉతుక్కి పోదు. దుబాయి సత్వాలో మా మేడ మీద ఆరేస్తే, గాలికి మళ్ళీ ఇసుక, మళ్ళీ ఉతుకు. వారమంతా జుమేరాలో స్పెయిన్ దొర ఇంట్లో చాకిరీ చేసి, నాకంటూ దక్కే ఒక్క శుక్రవారం ఆ చొక్కాలకి ధారపోస్తున్నాను. మా ఆయన అంజిబాబు ఉద్యోగం ఆ దొర కారు తోలడం. పదవి మాత్రం మా గోదావరి కుర్రాళ్ళ ఫుట్‌బాల్ టీముకి ప్రెసిడెంటు.

ప్రపంచకప్పు దొర దేశంలో జరిగిన ఏడాది ఈయనకా పిచ్చి పట్టింది. దొర వాళ్ళ ఊరి క్లబ్బుకి చాలా ఏళ్ళు ప్రెసిడెంటట. కార్లో విన్నదంతా మా ఆయన నాకు అప్పజెప్పేవాడు.

"దివాలా తీసిన క్లబ్బుని ఒక్కడే నిలబెట్టాడే. స్టేడియం కట్టించాడు. నిలబడ్డ ప్రతి ఎన్నికా గెలిచాడు. మగాడంటే అలాగుండాలి."

మా వీధిలో బట్టలు కుట్టే హుస్సేనమ్మ దగ్గర శుక్రవారాలు కుట్టుపని నేర్చుకుంటానని నేను ఆయన్ని అడిగింది అప్పుడే. పని వస్తే ఊరెళ్ళి మిషను పెట్టుకోవచ్చు, ఒకరి ఇంట్లో అంట్లు తోమే బతుకు తప్పుతుంది.

"మరి చొక్కాలెవరుతుకుతారే? ఖాళీగానేగా ఉంటావు" అన్నాడు. ఖాళీ అట! ఆ మాటకి ఒళ్ళు మండింది కానీ, మళ్ళీ ఆ చొక్కాలే ఉతికాను.

పోయిన వారం పత్రికాయన ఒకడు దొర చరిత్ర రాసుకోడానికి వచ్చాడు. దొర దర్జాగా కాలు మీద కాలేసుకుని, అంతా తన గొప్పే అన్నట్టు చెబుతున్నాడు. నేను కాఫీలు ఇచ్చి వచ్చేసరికి దొరసాని పిలార్ వంటింట్లో గోడకానుకుని నిలబడి ఉంది.

"ఆటగాళ్ళకి జీతాల్లేనప్పుడు వండిపెట్టింది నేను" అంది, నాకర్థమయ్యే ఇంగ్లీషులో. "వాళ్ళ చొక్కాలుతికాను. స్టేడియం కోసం మా నాన్నిచ్చిన పొలం అమ్మాను. తెరిచిన రోజు నాకు వెనక వరసలో కుర్చీ వేశారు."

"ఇదేమిటని ఎప్పుడూ అడగలేదా అమ్మా?"

"ఒకసారి అడిగాను. ఇంట్లో ఊరికేగా ఉంటావు అన్నాడు."

ఆవిడ మీద జాలి కలగలేదు. కోపం వచ్చింది, ఆవిడ మీద, నా మీద కూడా. అంత చదువుకున్న దొరసానికీ, వేలిముద్ర వేసే నిశానీదాన్ని నాకూ ఒకే మాటా? ఈ మగాళ్ళందరూ ఎక్కడ కూడబలుక్కుంటారో. ఇంకా కొన్నేళ్ళు పోతే నేనూ ఏ వంటింటి గోడకో ఆనుకుని, ఎవరో పనిమనిషికి ఇదంతా చెప్పుకుంటాను.

ఈ శుక్రవారం పొద్దున్నే ఫుజైరా వాళ్ళతో ఆట. మా ఆయన తెల్ల ప్యాంటు తొడుక్కుని అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. నేను చీర మార్చుకుని, కత్తెర సంచిలో పెట్టుకుని, హుస్సేనమ్మ ఇంటికి మెట్లు దిగుతున్నాను. టీములో ఆడే అబ్బులు ఎదురొచ్చాడు.

"వదినా, చొక్కాలేయీ?"

"బకెట్లో నానుతున్నాయి. మీ ప్రెసిడెంటుగారు ఇంకా ఉతకలేదు."