తువ్వాలు అంచున ఎర్ర దారం

మా మరిది దర్జీ. చేతుల మీద, పిక్కల మీద దురద పొక్కులు లేస్తే నల్లులనే అనుకున్నాం. పరుపులు ఎండేశాను, మంచం సందుల్లో మరిగిన నీళ్లు పోశాను. "ఇంతమందిలో నల్లులకి నా మీదే ప్రేమ, వదినా," అని నవ్వేవాడు. మూడు నెలలైనా తగ్గలేదు. గోకి గోకి నల్లమచ్చలు పడ్డాయి. కుట్టే బట్టకు నెత్తురు అంటుతోందని కొట్టు యజమాని పొడుగు చేతుల చొక్కా వేసుకు రమ్మన్నాడు.

ఆసుపత్రికి నేనే తోడు వెళ్లాను. రక్తపరీక్షలో హెచ్‌ఐవి అని తేలింది. వాడే నన్నూ లోపలికి రమ్మంటే, డాక్టరమ్మ ఇద్దరికీ నిదానంగా చెప్పింది. రోజూ మాత్రలు వేసుకుంటే కొన్ని నెలల్లో పొక్కులు తగ్గుతాయట. పళ్లెం వల్ల, తువ్వాలు వల్ల ఎవరికీ అంటదట. నేను తలూపాను.

దారిలో వాడు అడిగింది ఒక్కటే. "ఇంట్లో మీతోపాటే ఉండొచ్చా, వదినా?"

"లేకపోతే ఎక్కడికి పోతావురా?" అన్నాను.

ఇంటికొచ్చి దేవుడి ముందు కూర్చుని వాడి కోసం ఏడ్చి మొక్కుకున్నాను. లేచి వెళ్లి, ఒకేలా ఉండే మా తెల్ల తువ్వాళ్లలో వాడిదాని అంచుకు ఎర్ర దారంతో రెండు కుట్లు వేశాను. వాడి కంట పడదులే అనుకున్నాను. పొద్దస్తమానం కుట్లు చూసే కళ్లవి అని ఆ క్షణాన తట్టలేదు.

నాలుగో రోజు పొద్దున ఆ తువ్వాలు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. కోప్పడినా బాగుండేది.

"చేతికుట్టు నిలవదు వదినా. రెండు ఉతుకులకే ఊడుతుంది. ఊడితే మళ్లీ మీకు భయం."

మిషన్ ముందు కూర్చుని తన తువ్వాలుకూ దుప్పటికీ దిండు గలీబుకూ చొక్కాలకూ ఎర్ర దారంతో గట్టిగా గుర్తులు కుట్టుకున్నాడు. సాయంత్రానికి అన్నీ సంచిలో సర్దుకుని కొట్టు వెనక గదికి మారిపోయాడు. మా ఆయన ఎందుకని అడిగితే పని ఎక్కువైందన్నాడు. నా పేరు ఎత్తలేదు.

ఏడాదైంది. పొక్కులు పోయాయి, మచ్చలు మిగిలాయి. ఇంటికి రమ్మంటే "చూద్దాంలే" అంటాడు. డాక్టరమ్మ మాట నా చెవులు విన్నాయి కదా, మరి నా చెయ్యి ఎవరి మాట విన్నదని రోజూ దేవుణ్ణి అడుగుతుంటాను.

మొన్న నాకో జాకెట్టు కుట్టి పంపాడు. తొడుక్కునే ముందు రెండుసార్లు ఉతికాను. ఎందుకు ఉతికానని దేవుణ్ణి అడగడానికి మాత్రం నోరు రాలేదు.