వదులు చేసిన కుట్లు

దర్జీ భార్యకు రెండు నెలలుగా ఒకటే అయోమయం. అద్దం ఒకటి చెబుతోంది, ఒంటిమీది బట్టలు ఇంకొకటి చెబుతున్నాయి.

కీళ్ళవాపుకు డాక్టరమ్మ స్టెరాయిడ్ మాత్రలు రాసినప్పటి నుంచీ అద్దంలో ఎవరో గుమ్మడికాయ మొహం మనిషి కనిపిస్తోంది. బుగ్గలు పొంగి కళ్ళు చిన్నవైపోయాయి. ఆకలి సంగతి చెప్పనే అక్కర్లేదు, తిన్న కంచం కడిగే లోపే మళ్ళీ వేస్తుంది. ఇంతా చేసి, జాకెట్లు మాత్రం ఎప్పట్లాగే ఒంటికి సరిపోతున్నాయి. లావైతే హుక్కులు పెట్టుకోవడం కష్టం కావాలి కదా? కాలేదు.

"నా మొహం ఉబ్బిందా?" అని మొగుణ్ణి అడిగింది.

"అబ్బే, ఎప్పట్లాగే ఉన్నావు" అన్నాడు దర్జీ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. అబద్ధమాడేటప్పుడు ఆ మహానుభావుడు తలెత్తడు. పాపం, ఆవిడకు అది తట్టలేదు.

ఈ మాత్రలు కొందరికి మనసు మీద కూడా పనిచేస్తాయని మందుల షాపతను ఎప్పుడో అన్నాడు. ఆ మాట పట్టుకుని కుమిలిపోయింది. చిన్నదానికీ కోపం, వెంటనే ఏడుపు. ఇప్పుడు కళ్ళు కూడా లేనివి చూపిస్తున్నాయంటే మతి పోతున్నట్టే. కీళ్ళనొప్పి ఓర్చుకోవచ్చు గానీ బుర్ర పోతే ఏం మిగులుతుంది? మాత్రలు మానేద్దామని తేల్చుకుంది. ఆ ముక్క చెప్పడానికే మొగుణ్ణి వెంటబెట్టుకుని క్లినిక్‌కు వెళ్ళింది.

"బట్టలేమైనా బిగుతవుతున్నాయా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండీ. అద్దంలోనే లావుగా ఉంటున్నాను. పిచ్చెక్కుతోందేమోనని భయంగా ఉంది."

డాక్టరమ్మ ఆమెను బరువు చూసే మిషను ఎక్కించింది. తొమ్మిది కిలోలు పెరిగింది.

దర్జీ గొంతు సవరించుకున్నాడు. "వారం వారం నేనే పక్క కుట్లు విప్పి వదులు చేస్తున్నానండీ. లావయ్యానని బాధపడుతుందేమోనని..."

డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. మొహం గుండ్రమవడం, ఆకలి, చిరాకు అన్నీ మందు వల్లేనంది. "మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ఇన్నాళ్ళు వాడాక ఒక్కసారిగా మానేస్తే ఒళ్ళు తట్టుకోలేదు, ప్రమాదం. నేనే కొంచెం కొంచెంగా తగ్గిస్తాను. మీరు ఉప్పు తగ్గించండి."

వరండాలోకి వచ్చాక ఆమెకు కోపం, ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. అందులో మందు వల్ల ఎంతో, మొగుడి వల్ల ఎంతో తెలియలేదు.

"టేపు ఉందా?" అంది.

టేపు లేకుండా ఆయన గడప దాటిందెప్పుడు గనక. జనం చూస్తుండగానే ఆమె నడుము కొలిచి, అంకె గొణిగాడు.

"గట్టిగా చెప్పండి."

"ముప్ఫై ఎనిమిది."

పెద్ద అంకే. అయినా రెండు నెలల్లో మొదటిసారి, తను చూసిందీ విన్నదీ ఒకటే అయ్యాయి.

"ఇంకోసారి చెప్పండి" అంది.